అందఱును క్షేమమే

విదేశములకుఁ జదువునకై పోయివచ్చినవారు తాము చూచిన వింతలను వ్రాయుట వాడుక. నేను ఎచ్చటికినిఁ బోయినదానను గాను. సంగారెడ్డి దాఁటి హైదరాబాదు, ఒక్కమాఱు కాశి, రెండుమాఱులు తిరుపతి; నా దేశాటన మంతయు నింతియే. అయినను మా యింటి పిల్ల యొకతె ఐరోపాలో నొక సెమిస్టరు చదివి మరలివచ్చిన కథను ఇంటఁ గూర్చున్న నేనే వ్రాయఁబూనితిని. ఆ చదువు ముగిసిన తీరునందు నాకును ఒక పాత్ర గలదు. అది మంచిపాత్ర యని చెప్పఁజాలను.

మాది ఉమ్మడి సంసారము. నా భర్తగారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి యన్నగారు, అనఁగా మా బావగారు, పాశమైలారము పారిశ్రామికవాడలో నొక కర్మాగారమునందు సూపర్‌వైజరు. తోడికోడలిని నేను అక్క యని పిలుతును. వారి కొక్కతే కూఁతురు. నేను కాపురమునకు వచ్చునాఁటికి ఆ పిల్లకు ఆఱేండ్లు. దానిని ఒడిలోఁ గూర్చుండఁబెట్టుకొని అక్షరములు దిద్దించినది నేను. ఇంటికిఁ బెద్ద మా అత్తగారు. వీధియరుఁగుమీఁది మంచమే ఆమె సింహాసనము.

మా ప్రాంతము నెఱుఁగని వారికొక్క మాట. పటాన్‌చెరువునుండి సంగారెడ్డి మీఁదుగాఁ బోవు బొంబాయి బాట కిరుప్రక్కల ఒకనాఁడు జొన్నచేలుండెడివి. ఇప్పుడు మందుల కర్మాగారములు, ఇనుప సామానులు చేయు శాలలు, వాని నడుమ విద్యాలయములు. 1972లో పటాన్‌చెరువు కడ ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాలయమును నెలకొల్పిరి. జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మొదలగు మెట్టపైరులను గూర్చి అచ్చటఁ బరిశోధనలు జరుగుచున్నవి. 2008లో ఎద్దుమైలారమునఁ దాత్కాలికముగా మొదలయిన ఐ.ఐ.టి. తరువాతఁ గంది గ్రామమునకు మాఱినది. ఇక్రిశాట్ సంగతి తొలుత విన్నపుడు మా అత్తగారు "జొన్నలకు గూడ బడి పెట్టిన్రా?" అని నవ్విరఁట. ఆమె పుట్టినింటను మెట్టినింటను జొన్న పండించినవారే. ఆ జొన్నల బడి గోడ ప్రక్కనుండి నిత్యము బస్సులోఁ బోవుచు మా పిల్లకుఁ బైరులమీఁద మనసు పుట్టినది. సస్యశాస్త్రమునఁ బట్టము పుచ్చుకొని పై చదువులో నుండఁగా, జర్మనీదేశమున బాన్ నగరమందలి విశ్వవిద్యాలయములో నొక సెమిస్టరు చదువు నవకాశము వచ్చినది.

వేసవి సెమిస్టరు ఏప్రిలు మొదలు సెప్టెంబరు వఱకని పేరేకాని, పాఠములు జూలైలోనే ముగిసి పరీక్షలు వచ్చును. నిండు సెమిస్టరు చదువునకు ముప్పది క్రెడిట్లు. ఒక్కొక్క క్రెడిటునకు ఇరువదియైదు మొదలు ముప్పది గంటల శ్రమ యని లెక్క. ఒక దేశపు విద్యార్థి వేఱొక దేశమునఁ జదివిన చదువు వ్యర్థము గాకుండుటకై ఐరోపావారీ లెక్క నేర్పఱచుకొనిరి. వారి నడుమ విద్యార్థులు మాఱి చదువు పథకము 1987లో మొదలయినపుడు దానికి ఎరాస్మస్ అను పండితుని పేరు పెట్టిరి. రాటర్‌డాములోఁ బుట్టి దేశదేశములఁ దిరిగి చదివిన మనుష్యుఁడాయన.

చదువు సంగతి యట్లుండఁగా ధనము సంగతి వేఱు. 2025లో జర్మనీ వీసా కోరు విద్యార్థి తన పోషణమునకై నెలకు 992 యూరోల చొప్పున ముందుగనే యొక ఖాతాలో వేసి చూపవలసియుండెను. మన రూపాయలలో నది అప్పుడు నెలకు లక్షకుఁ గొంచెమే తక్కువగా నుండెను. ఆ సొమ్మును పిల్ల నెలనెలకు నింతయని తీసికొనవలసినదే కాని ఒక్కమాఱుగాఁ దీయరాదు. బావగారు తమ భవిష్యనిధినుండి కొంత తెచ్చిరి. నా భర్తగారు కొంత ఋణము చేసిరి. అక్క చంద్రహారమును నా గాజులును కుదువకుఁ బోయినవి. ఒకనాఁటి రాత్రి మా అత్తగారు తన వెండి వడ్డాణమును దెచ్చి మా ముందు వేసి "ఇది ఇంక నా నడుముకు పట్టది" అనిరి. దానికి వచ్చిన సొమ్ము విమానపు టిక్కెట్టులో నాలవవంతునకైనఁ జాలలేదు. అయినను అటుపిమ్మట వీధిలోఁ బోవు ప్రతివారితోను "నా మనుమరాలిని నేనే పంపుతున్న" నని ఆమె చెప్పుకొనుచుండఁగా మేమెవ్వరమును కాదనలేదు.

ఇచ్చట నా సంగతియు నొకింత చెప్పవలసియున్నది. అది చెప్పనిచో తరువాత నేను చేసిన పని మీ కర్థము గాదు. మా తండ్రిగారు తెలుఁగు పండితులు. నన్ను బడికిఁ బంపక తామే కూర్చుండఁబెట్టి అమరము వల్లె వేయించిరి, భారతము చెప్పిరి, వాల్మీకి రామాయణమున సుందరకాండ వఱకు శ్లోకము విడిచి శ్లోకము నాచేతఁ జదివించిరి. పదవతరగతి పరీక్షకు మాత్రము ప్రైవేటుగా రుసుము కట్టిరి. పరీక్షకుఁ బదునొకండు దినములున్నవనఁగా మా తాతగారు కాలము చేసిరి. ఇల్లంతయు శోకము, బంధువుల రాకపోకలు. పరీక్ష మాట యెత్తుటకే యెవ్వరికిని నోరాడలేదు. మఱుసటి యేఁడు చూతమనిరి. మఱుసటి యేఁడు అమ్మకు జబ్బు, ఆపై యేఁడు నాకుఁ బెండ్లి సంబంధములు. ఆ పరీక్ష నేఁటికిని నేను వ్రాయలేదు. దానికై యెన్నఁడును కంటఁ దడి పెట్టినదానను గాను, కాని ఆ పదునొకండు దినములను మఱచినదానను గాను.

పిల్ల బాన్ నగరమునకుఁ బోవుననఁగానే నాకొక మాట జ్ఞప్తికి వచ్చినది. ఆ విశ్వవిద్యాలయము 1818లో స్థాపింపఁబడినది. ఆ యేఁటనే ష్లెగెల్ అను పండితుఁడచ్చటికి ఆచార్యుఁడుగా వచ్చి సంస్కృతము చెప్పెను. 1823లో భగవద్గీతను లాటిను అనువాదముతో అచ్చొత్తించి, 1829 మొదలు రామాయణమును వెలువరింప నారంభించెను, అది తుదముట్టలేదు. మా తండ్రిగారు ఈ సంగతి చెప్పునపుడెల్ల "గోదావరి యెఱుఁగనివాఁడు రైన్ నదియొడ్డునఁ గూర్చుండి రాముని చదివెను" అనెడివారు. పిల్లకీ కథ చెప్పి, ఆయన పేరచ్చట నెచ్చటనైన నున్నదేమో చూచి రమ్మంటిని. "చూస్తా చిన్నమ్మా, తీరికుంటే" అన్నది. ఆ మాట ధోరణినిబట్టి తీరిక యుండదని నాకుఁ దెలిసినది.

2025 ఉగాది వెళ్ళిన వారమునఁ బిల్ల బయలుదేఱినది.

పూర్వము ఆంధ్రవనిత యొకతె, పోతం జానకమ్మ రాఘవయ్య యను నామె, ఇంగ్లండునకుఁ బోయివచ్చి తాను చూచిన విశేషములను దెలుఁగున వ్రాసెను. దాని ఆంగ్లానువాదము 1876లో మదరాసున అచ్చయినది. ఆ కాలమున పొగయోడ మోసికొనివచ్చిన ఉత్తరమే వార్త. ఇంటనున్నవారు జీవించియున్నారో లేదో వారములకొలఁది తెలియదు. మాకట్టి బాధ లేకుండెను. బాన్‌లో సాయంకాల మేడు గంటలకుఁ బిల్ల చరవాణిలోఁ బిలిచెడిది. మాకప్పుడు రాత్రి పదిన్నర. వేసవిలో ఇరుదేశముల నడుమఁ గాలభేదము మూఁడున్నర గంటలు. మా అత్తగారికి వినికిడి కొంచెము తక్కువ. ఫోను చెవికిఁ బెట్టుకొనుట ఆమెకు నచ్చదు. ఆదివారము పగటిపూఁట బొమ్మలో మనుమరాలి మొగము చూచుటయే ఆమెకుఁ గావలసినది. చూచినపుడెల్ల ఒక్కటే యడిగెడివారు: "ఆడ ఇప్పుడెంత యయింది?"

ఆమె నాశ్చర్యపఱచినది విమానమును గాదు, చలియును గాదు, ప్రొద్దు. జూన్ మాసమున బాన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాఁటువఱకు సూర్యుఁ డస్తమింపఁడు. ఈ మాట పిల్ల చెప్పఁగా అత్తగారు తొలుత నమ్మలేదు. ఆదివారమునాఁడు దుకాణములు మూసియుందురన్న నమ్మిరి. కుళాయినీరు కాఁచకయే త్రాగుదురన్న నమ్మిరి. ఖాళీ ప్లాస్టిక్కు సీసాను దుకాణమునకుఁ దిరిగి యిచ్చిన 25 సెంట్లు చేతిలోఁ బెట్టుదురన్న మిక్కిలి మెచ్చుకొనిరి. రాత్రి తొమ్మిదింటికి ఎండ యన్న మాత్రము "పోరి అబద్ధమాడుతున్నది" అనిరి. ఒకనాఁడు పిల్ల రాత్రి తొమ్మిదింటికి నదియొడ్డున నిలిచి చిత్రము తీసి పంపినది. నీటిమీఁద బంగారు రంగు ఎండ. మఱునాఁడుదయము అత్తగారు దానిని ఇరుగుపొరుగు వారికందఱకుఁ జూపిరి. ఆపై రాత్రి భోజనమునకుఁ గూర్చున్నపుడెల్ల "మనకు చీఁకటి, దానికి పగలు" అని తమలోఁ దాము లెక్క వేసికొనుచుండెడివారు.

ఇంక జూన్ 30వ తేది సంగతి. ఆ సోమవారము ఉదయము పాశమైలారమునందలి యొక ఔషధ కర్మాగారమున ఘోరమైన ప్రేలుడు సంభవించినది. నలువదిమందికి మించి అసువులు బాసిరి. వారిలోఁ బెక్కుండ్రు పరరాష్ట్రములనుండి కూలికై వచ్చినవారు. మా బావగారు పని చేయునది ఆ కర్మాగారము గాదు, వేఱొక వీధిలోనిది. కాని ఆ వాడ పేరు విన్నంతనే మా ప్రాణములు పోయినవి. ఆయన ఫోను మ్రోగుచున్నదే కాని పలుకువారు లేరు. ఆ సమయముననే పిల్ల అచ్చట నిద్ర లేచి వార్త చూచినది. గంటన్నరలోఁ బదునొకండు మాఱులు పిలిచినది. అక్క మాటాడలేకపోయినది, నేనే మాటాడితిని. "తెలియదు తల్లీ, ఇంక తెలియదు" అనుటకంటె నా యొద్ద మాట లేదు. మధ్యాహ్నమునకు బావగారే యెవరిదో ఫోను పుచ్చుకొని తాము బాగున్నామని చెప్పిరి. తక్షణము పిల్లకుఁ జెప్పితిని: "అందఱమును క్షేమమే."

అది చాలసేపు ఏడ్చి యిట్లన్నది: "చిన్నమ్మా, అమ్మ చెప్తే నేను నమ్మను, భయపడతానని దాస్తది. నాన్న నవ్వి తప్పిస్తడు. నువ్వు క్షేమమంటే నమ్ముతా. నువ్వు అబద్ధమాడవు."

నిజమే, అంతవఱకు నేను దానితో అబద్ధమాడలేదు.

వారము తిరిగినది. తొలియేకాదశినాఁడు అత్తగారు ఉపవాసముండిరి. మఱునాఁడు నీరసముగా నున్నదనిరి. వైద్యుఁడు చూచి భయము లేదనెను. ఆ రాత్రి పదునొకండు గంటలకు నేను మంచినీళ్ళు పట్టుకొని పోఁగా మేలుకొనియే యున్నారు. "పిల్ల తిన్నదా?" అనిరి. తిన్నదంటిని. "ఆడ ఇప్పుడెంత యయింది?" అనిరి. ఏడున్నర యంటిని. "అయితే ఆడ ఇంక పొద్దు గుంకలేదు గద" అనిరి. నేను దీపమార్పి వచ్చితిని. జూలై 8వ తేది తెల్లవాఱుజామున అక్క లేచి చూచునప్పటికి ఆమె లేరు.

బావగారు కొంతసేపు తల్లి పాదములయొద్దఁ గూర్చుండి, తరువాత లేచి ఫోను చేతఁ బట్టుకొనిరి. "పిల్లకు చెప్పాలె" అనిరి. అచ్చట రాత్రి ఒంటిగంట. ఆయన యెదుట నేనెన్నఁడును గట్టిగా మాటాడియెఱుఁగను. ఆనాఁడు ముందునకు వచ్చి "ఆగండి బావగారూ" అంటిని. పరీక్షలు రెండు వారములలోనున్నవి; వార్త వినినచో అది పరుగున వచ్చును, వచ్చినను కడచూపు దక్కదు, సెమిస్టరు పోవును, ఇంతమంది కష్టము పోవును అంటిని. ఆయన యేమియు ననకుండఁగా, నా నోటనుండి రామాయణము వెడలినది. దశరథుఁడు స్వర్గస్థుఁడైనపుడు భరతుఁడు కేకయదేశమున మేనమామ యింటనుండెను. వసిష్ఠుఁడు దూతలను బంపుచు, రాజు మరణించిన మాటయు రాముఁడు వనమునకేఁగిన మాటయు నచ్చటఁ జెప్పరాదని యాజ్ఞాపించెను. భరతుఁడు అందఱి క్షేమము నడుగఁగా దూతలు క్షేమమనియే చెప్పి తోడ్కొనివచ్చిరి. "వసిష్ఠుఁడంతటివాఁడే దాచమనెను గదా" అంటిని.

ఆయన చదువుకొన్న మనుష్యుఁడే కాని రామాయణమున నాతో వాదింపఁజాలరు. తల్లిని గోల్పోయి రెండు గడియలైనఁ గానివారు. ఫోను గూటిలోఁ బెట్టిరి.

ఆనాఁటి మధ్యాహ్నమునకే దహనము ముగిసినది. రాత్రి పిల్ల మాకొక చిత్రము పంపినది. స్నేహితురాండ్రు ముగ్గురితో రైన్ నదియొడ్డున ఐస్‌క్రీము తినుచు, కన్నులు చికిలించి నవ్వుచున్నది. తడిబట్టలతోనున్న నేను "బాగున్నది" అని తిరుగుమాట వ్రాసితిని.

సోదరీమణులారా, అబద్ధ మొక్కటి ఆడుట సులభము. దానిని పోషించుట కష్టము. రాత్రిపూఁట నాయనమ్మ యేదని యడిగిన "పండుకొన్నది" యనెడిదానను; పదిన్నరకు ముసలివారు పండుకొనుట సహజమే. ఆదివారము బొమ్మలోఁ జూపుమన్నపుడు చిక్కు వచ్చినది. బావగారికిని నా భర్తగారికిని శిరోముండన మయియుండెను. ఎవ్వరి మొగమును జూపరాదు. ఫోనులోని కెమెరా చెడినదంటిని. అస్థులు మంజీరలోఁ గలిపి వచ్చిన దినమున గుడికిఁ బోయి వచ్చితిమంటిని. పండ్రెండవ దినమున బంతులు సాగుచుండఁగా ఆ కోలాహలము విని పిల్ల యేమనియడుగ, పక్కింట పండుగ యంటిని. నా చిన్నకొడుకు ఆ మాట విని నా మొగము వంక చూచిన చూపు నాకింకను గుర్తున్నది.

అన్నింటికంటెఁ గఠినమైనది శాలువ. జూలై మూఁడవ వారమునఁ బాఠములు ముగిసినవి. నాయనమ్మకు ఉన్ని శాలువ కొనఁదలఁచి యొక దుకాణమునుండి రెండు రంగుల చిత్రములు పంపి, బూడిదరంగు మంచిదా, ముదురెఱుపు మంచిదా యని నన్నడిగినది. ధర ముప్పదియెనిమిది యూరోలు, నెలసొమ్ములో మిగుల్చుకొన్నది. వలదనుటకు నాకుఁ గారణమేమి దొరకును? నేను చాలసేపాలోచించి, "ఎఱుపు. ఆమెకు ఎఱుపు ఇష్టము" అని వ్రాసితిని. ఆమెకు ఎఱుపిష్టమనుట నిజమే. ఆ రాత్రి అక్క నన్నుఁ బట్టుకొని యేడ్చినది, నేను ఏడువలేదు. అప్పటికి నేను దూతల పనిలో నిమగ్నురాలనై యుంటిని.

అచ్చట సెమిస్టరు ముగియుట యనఁగా పరీక్ష వ్రాసి వచ్చుట మాత్రమే గాదఁట. అద్దెగదిని తాను చేరినప్పటివలె శుభ్రము చేసి తాళపుచెవి యప్పగించినఁగాని బయానా సొమ్ము తిరిగి రాదు. వంటపొయ్యిలోని మరక సైతము చూతురు. నగరపు కార్యాలయమునకుఁ బోయి తానీయూరు విడుచుచున్నానని వ్రాసి యియ్యవలెను. ఈ పనులన్నిటిని పిల్ల యొంటరిగాఁ జేసికొన్నది. ఇంటనుండఁగా తన కంచము తాను కడుగని పిల్ల! సైకిలును తక్కువ ధరకు వేఱొక విద్యార్థినికిచ్చినది. కూడఁబెట్టిన సీసాలన్నియు దుకాణములో నిచ్చి, వచ్చిన చిల్లరతో ముగ్గురు స్నేహితురాండ్రకుఁ జివరి విందు చేసినది. పాపెల్స్‌డార్ఫ్ కోటయొద్ద విశ్వవిద్యాలయమువారి యుద్యానవనమున్నది. అచ్చట నొక చెట్టుక్రిందఁ గూర్చుండి, ఈ నాలుగు నెలలు తన జీవితములో నెంత సంతోషకరములో మాకు దీర్ఘముగా వ్రాసినది. ఆ లేఖ నేను పలుమాఱులు చదివితిని. చదివినపుడెల్ల నేను చేసినది మంచిపనియే యని ధైర్యము చెప్పుకొంటిని.

ఆగస్టు 2వ తేదిని విమానము దిగినది. బావగారి తల చూచినఁ దెలిసిపోవునని శంషాబాదునకు అక్కయు నేనును పోయితిమి. "నాన్న రాలేదేమి?" అన్నది. పని యున్నదంటిమి. బాహ్యవలయ రహదారిమీఁదఁ బండ్రెండు మాటలలోఁ బది నాయనమ్మకుఁ జూపవలసిన వానిని గూర్చియే. శాలువ సంచి యొడిలోనే పెట్టుకొన్నది. స్నానము, భోజనము అయిన పిదప మెల్లఁగాఁ జెప్పవలెనని మా యాలోచన. భరతుఁడు అయోధ్య పొలిమేరఁ బ్రవేశించి, వీధులు ఊడ్వక, ముంగిళ్ళలో అలికిడి లేకయుండుటఁ జూచి శంకించెనని యున్నది. మా వీధి యూడ్చియే యున్నది. మా వాకిట ముగ్గుగూడ నున్నది. కాని కారు దిగి పిల్ల చూచినది అరుఁగు. అరుఁగుమీఁద మంచము లేదు. అంతలో బావగారు బోడితలతో బయటికి వచ్చిరి. ఆయన లోపల నిలువలేకపోయిరి.

ఎవ్వరమును ఏమియుఁ జెప్పలేదు. పిల్ల సంచి క్రిందఁ బెట్టి "ఎప్పుడు?" అన్నది. నా భర్తగారు తేది చెప్పిరి. అది వ్రేళ్ళుమడిచి లెక్కించుకొన్నది. ఇరువదియైదు దినములు.

ఆ రాత్రి నా ప్రక్కన వచ్చి కూర్చుండి, నా వంక చూడకయే యిట్లడిగినది: "చివరికి ఏమన్నది? నా గురించి ఏమన్నా అన్నదా?"

నాకు ఒడలు జలదరించినది. వసిష్ఠుని యాజ్ఞవఱకు చదివి నేను చెప్పిన రామాయణమునందే, కొంచెము ముందునకుఁ బోయిన, ఈ ప్రశ్న యున్నది. తండ్రి మరణవార్త వినిన భరతుఁడు తల్లిని ముందుగా నడుగు వానిలో నొకటి: నా తండ్రి కడపట నేమని పలికెను, నాకేమి చెప్పుమనెను అని. తండ్రికిఁ జేయవలసినవి తమచేతులఁ జేసిన రామాదులు ధన్యులనియు నచ్చటనే వగచును. ఎన్నిమాఱులు చదివితినో! దూతల పక్షమున నిలిచి చదివితినేకాని, దూరముననుండి వచ్చిన ఆ బిడ్డ పక్షమున నిలిచి యొక్కమాఱును జదువలేదు.

ఆ రాత్రి పదునొకండు గంటలకు అత్తగారన్న మాట చెప్పితిని. "ఆడ ఇంక పొద్దు గుంకలేదు గద" అనఁగానే పిల్ల ఫక్కున నవ్వినది. "నమ్మిందన్నమాట" అన్నది. తరువాత ఏడ్చినది.

దూరదేశముననున్నవారికి ఆలస్యముగాఁ దెలియుట ధర్మశాస్త్రమున కెఱుకలేనిది గాదు. పది దినములలోపల వినినవారికి మిగిలిన దినములు, పది గడచిన పిదప వినినవారికి మూఁడు రాత్రులు మైల యని మనువు వ్రాసియుంచెను. పురోహితుఁడును అదియే చెప్పెను. పిల్ల మూఁడు రాత్రులును చాపమీఁదనే పరుండినది. మేమందఱము మా శోకము ముగించి శ్రావణమాసపు పనులలో నుంటిమి. మా యింట అది యొక్కతె క్రొత్తగా మొదలు పెట్టినది. దానితోఁ గలిసి యేడ్చుటకు మాయొద్దఁ గన్నీరు మిగులలేదు. ఈ సంగతి ముందుగా నాకుఁ దట్టియుండవలసినది.

నాలవనాఁడు అది నాతో మాటాడినది. గట్టిగా మాటాడలేదు, కేకలు వేసిన బాగుండెడిది.

"వచ్చేదాన్ని కాను చిన్నమ్మా. టిక్కెట్టుకు డబ్బులేవి? ఏడ్చి, పరీక్ష రాసేదాన్నే. నా గది పక్కన పోలండు అమ్మాయి ఉండేది. వాళ్ళ తాత పోయినప్పుడు రాత్రంతా నేను దాని పక్కన కూర్చున్న. నా పక్కన అది కూర్చునేది. నేను అంత చేతగానిదాన్ననుకున్నరా?"

పిమ్మట ఫోను తీసి, ఐస్‌క్రీము చిత్రమును నా ముందుంచినది.

"ఈ రోజు నాయనమ్మ పోయిన రోజు. ఈ ఉద్యానవనం, దహనమై పదిహేను రోజులకు. ఈ విందు, నెలమాసికానికి వారం ముందు. ఆ చివరి రోజులన్నీ చెడకుండా ఉండాలని నువ్వు దాచినవు. ఇప్పుడు వాటిలో ఒక్కటి కూడా నేను చూడలేకపోతున్న. ఏది చూసినా, ఆ గంటకు ఇక్కడ ఏం జరుగుతుండెనో అనే లెక్కేస్తున్న. మూడున్నర గంటలు కలుపుకొని."

నేను జవాబు చెప్పలేదు. ముప్పది క్రెడిట్లును వచ్చినవని ఆ మాసాంతమున వర్తమానము తెలిసినపుడు అక్క దేవునికి దీపము పెట్టి, "నువ్వు ఆపబట్టే వచ్చినయి చెల్లె" అని నా చేతులు పట్టుకొన్నది. ఆమె యిప్పటికిని అట్లే తలఁచును. బావగారు ఏమి తలఁతురో నాకుఁ దెలియదు. ఆయన ఆనాఁటి మాట మఱలఁ దేలేదు. నా భర్తగారినడుగఁగా "ఆ పరీక్ష పిల్లది కాదు, నీది" అనిరి. ఇరువదేండ్లకుఁ బూర్వము నేను వ్రాయలేకపోయిన పరీక్షను గూర్చి ఆయనతో నేను చెప్పినది రెండుమూఁడు మాఱులే. ఉపాధ్యాయులు గనుక గుర్తుంచుకొనిరి గాఁబోలును. ఆ మాటకు నాకుఁ గోపము వచ్చి రెండు దినములు ఆయనతో మాటాడలేదు. కాదని చెప్పుటకు మాత్రము నాకేమియు దొరకలేదు.

శాలువ అక్క పెట్టెలోనున్నది. దానమిత్తమని పురోహితుఁడనఁగాఁ బిల్ల వలదన్నది. చలికాలమున నొకటి రెండు రాత్రులు అది తానే కప్పుకొని యుండుటఁ జూచితిని. ష్లెగెల్ పండితుని పేరచ్చట నున్నదో లేదో నేనింకను అడుగలేదు.

ఇప్పుడు దానికి మఱల జర్మనీలోనే, మూఁడేండ్ల పరిశోధనకై, పోవలెనని కోరిక. దరఖాస్తు పెట్టినది. ఈ మాఱు ధనము వారే యిత్తురఁట. గాజులు కుదువకుఁ బోనక్కఱలేదు. మొన్నటి రాత్రి భోజనములయిన పిదప ఒక కాగితము తెచ్చి మా నడుమఁ బెట్టినది. ఇంట నెవరికేమి జరిగినను, అది రాత్రియైన పగలైన, పరీక్షయైన పండుగయైన, ఆ గంటలోనే తనకుఁ దెలుపుదుమని అందఱమును వ్రాసి చేవ్రాలు చేయవలెనఁట. అక్క "అపశకునం మాటలు" అని విసవిసలాడి లోపలికిఁ బోయినది. నా భర్తగారు నవ్వుచునే చేసిరి. నేను కలము పుచ్చుకొని నా పేరు వ్రాసితిని. చేయి కొంచెము వణఁకినది. బావగారు కాగితమును రెండుమాఱులు చదివి, అద్దములు తీసి తుడుచుకొని, రేపు చూతమనిరి. అది యింకను గూటిలో, ఆనాఁడాయన ఫోను పెట్టిన చోటనే యున్నది.